పొద్దున జిమ్ము, రాత్రి కరాటే: తేడా ఎక్కడ కొడుతోంది?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం పక్కన పల్లె. నాయన శెనక్కాయ రైతు. నాకు 24 ఏళ్ళు, టౌన్‌లో బైకుల షోరూంలో పని చేస్తున్నా. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఏడేళ్ళుగా కరాటే, ఇప్పుడు బ్రౌన్ బెల్టు. ఐదు నెలల కిందట జిమ్ములో చేరా. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా జిమ్ము, వారానికి ఆరు రోజులు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా కరాటే, ఐదు రోజులు. మొదట్లో 62 కిలోల నుంచి 64కి వచ్చా. ఇప్పుడు మళ్ళీ 62.5. కిక్కులు బరువుగా లేస్తున్నాయి, ఎడమ మోకాలు నొప్పి. జిమ్ము కోచ్ ‘కరాటే మానెయ్, కండ కరిగిపోతోంది’ అంటాడు. కరాటే మాస్టర్ ‘బరువులు మానెయ్, కట్టెలా బిగుసుకుపోతావ్’ అంటాడు. వచ్చే ఏడాది టోర్నమెంటులో 67 కిలోల లోపు విభాగంలో ఆడాలి. అదే ఏడాది బాడీబిల్డింగ్ స్టేజీ కూడా ఎక్కాలి. పౌడరు కొనమంటారా? ఫ్రెండ్ ఒకడు ఇంజెక్షన్ల కోర్సు చేస్తే రెండు నెలల్లో రిజల్ట్ అంటున్నాడు. బ్రూస్ లీ రెండూ చేశాడు కదా, నాకెందుకు కుదరట్లేదు? (పేరు వెయ్యొద్దు.)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి ముందు ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. జిమ్ము తొమ్మిది గంటలు, కరాటే ఏడున్నర గంటలు. వారానికి పదహారున్నర గంటల శ్రమ. మధ్యలో రోజంతా షోరూంలో నిలబడి ఉద్యోగం. రాత్రి తొమ్మిదికి క్లాసు అయిపోయి, ఇల్లు చేరి, తిని పడుకునేసరికి పదకొండు. ఐదున్నరకు జిమ్ములో ఉండాలంటే ఐదుకు ముందే లేవాలి. ఇంత వివరంగా రాశావు గానీ నీ ఉత్తరంలో నిద్ర అన్న మాటే లేదు. తిండి అన్న మాట కూడా లేదు, పౌడరు తప్ప.

నీకు కుదరకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. కండ జిమ్ములో పెరగదు, జిమ్ములో దెబ్బ తింటుంది. పెరిగేది తిన్నాక, పడుకున్నాక. నువ్వు ఆ రెండింటికీ టైమ్ ఇవ్వకుండా దెబ్బ మీద దెబ్బ వేస్తున్నావు.

ఇక మీ ఇద్దరు గురువుల సంగతి. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఇద్దరూ పూర్తిగా నిజమూ చెప్పట్లేదు. జిమ్ము కోచ్ మాటకు ఒక పాత ఆధారం ఉంది. 1980లో రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు పది వారాల పాటు మనుషులను మూడు గుంపులు చేసి చూశాడు. ఒక గుంపు బరువులు మాత్రమే, ఒకటి పరుగు, సైకిలు మాత్రమే, మూడోది రెండూ. రెండూ చేసినవాళ్ళకు ఏడో వారం దాకా బలం బాగానే పెరిగింది. ఆ తర్వాత ఆగిపోయి, చివరి వారాల్లో వెనక్కి పోయింది. నీ 62, 64, 62.5 లెక్క చూస్తే నాకు అదే గుర్తొచ్చింది. అయితే వాళ్ళు చేసిన పని మామూలుది కాదు. వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు ఊపిరాడని పరుగు. అంటే దాదాపు నువ్వు చేస్తున్నంత. తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, మోతాదు మించకపోతే కండ సైజుకు పెద్దగా నష్టం లేదు. దెబ్బ తినేది ఎక్కువగా విసురు. ఒక్క క్షణంలో పేలే బలం. మరి కరాటేకు కావలసింది అదేగా? కాబట్టి కరాటే నీ కండను కరిగించడం కంటే, ఆరు రోజుల జిమ్ము అలసట నీ కిక్కులో విసురును తినెయ్యడమే ఎక్కువ జరుగుతోంది.

మాస్టర్ అన్న ‘కట్టెలా బిగుసుకుపోవడం’ బరువుల వల్ల వచ్చేది కాదు. పూర్తిగా కిందికి కూర్చుని, పూర్తిగా పైకి లేస్తూ స్క్వాట్ చేసేవాడి తుంటి బిగుసుకుపోదు, ఇంకా వదులవుతుంది. సగం సగం ఊగిస్తూ చేసేవాళ్ళతోనే చిక్కు. కానీ ఆయన కళ్ళకు కనిపిస్తున్నది మాత్రం నిజం. ముందురోజు లెగ్స్ కొట్టి వచ్చిన శిష్యుడు కాలు ఎత్తలేకపోవడం ఆయన రోజూ చూస్తున్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు తప్పు, అంతే.

నీ మోకాలి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ ఆర్నెల్లు ఆలస్యమైనా పరవాలేదు, ఇది అలా కాదు. ఎడమ మోకాలు అన్నావు. నువ్వు కుడికాలితో ఎక్కువ కొట్టేవాడివని అనుకుంటున్నా. మవాషి గేరి (పక్క నుంచి గుండ్రంగా వచ్చే కిక్) కొట్టేటప్పుడు కుడికాలు గాలిలో ఉంటుంది, ఒళ్ళంతా ఎడమ పాదం మీద తిరగాలి. మడమ ఎదుటివాడి వైపు తిరిగితేనే తుంటి తెరుచుకుంటుంది. స్క్వాట్లు, లంజెస్‌తో తుంటి అలిసిపోయి ఉంటే పాదం నేలకు అతుక్కుపోతుంది. పై నుంచి ఒళ్ళు తిరుగుతుంది, కింద పాదం తిరగదు. మధ్యలో ఉన్నది మోకాలు. ఆ మెలిక మొత్తం దాని మీదే పడుతుంది. సిమెంటు గచ్చు మీద ఒట్టికాళ్ళతో ప్రాక్టీసయితే ఇంకా ఎక్కువ.

ఇంటి ముందర గచ్చు మీద చారెడు ముగ్గుపిండి పలచగా చల్లి, దాని మీద ఎడమకాలు పెట్టి మెల్లగా, విసురు లేకుండా ఒక్క కిక్ వెయ్యి. పాదం ఎత్తి చూడు. మునివేళ్ళ దగ్గర చిన్న మచ్చ ఉండి, మడమ వైపు విసనకర్రలా గీత సాగి ఉంటే పాదం తిరిగినట్టు. మామూలుగా నిలబడినట్టు పాదం అచ్చు పడి ఉంటే, మోకాలు తిరిగినట్టు. జిమ్ముకు పోని రోజు ఒకసారి, లెగ్స్ చేసిన మర్నాడు ఒకసారి చూడు. తేడా నీకే తెలుస్తుంది. ఆ అచ్చును మీ మాస్టర్‌కూ చూపించు. ఒకవేళ మోకాలు వాచినా, మెట్లు దిగుతుంటే ఇరుక్కున్నట్టో జారినట్టో అనిపించినా, ముగ్గుపిండి కాదు, ఎముకల డాక్టర్ దగ్గరికి పో. అప్పటిదాకా జంపింగ్ కిక్కులూ, బరువెక్కువ పెట్టి చేసే లెగ్ ఎక్స్‌టెన్షనూ ఆపెయ్.

ఈ విషయంలో ఇంత పట్టుబట్టడానికి నా సొంత కథ ఒకటుంది. ఇరవై ఆరేళ్ళప్పుడు నేను జూడో ఆడేవాణ్ణి, పక్కనే జిమ్ము పిచ్చి కూడా. ఒకరోజు పొద్దున వెన్ను, బైసెప్స్ బాగా కొట్టి సాయంత్రం మ్యాట్ మీదికి పోయాను. ఎదుటి కుర్రాడు నాకంటే చిన్నవాడు, బెల్టులోనూ తక్కువే. కాలరు పట్టుకున్నాను గానీ వేళ్ళు నిలవట్లేదు. బట్ట సబ్బు నీళ్ళల్లో తడిసినట్టు జారిపోతోంది. వాడు విసిరాడు. పడేటప్పుడు చెయ్యి నేలకు చరిచి భుజం తిప్పుకోవాలి, అది నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆరోజు చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. కాలర్ ఎముక విరిగింది. ఎడమ భుజం దగ్గర ఇప్పటికీ చిన్న బొడిపె ఉంటుంది, స్నానం చేసేటప్పుడు చేతికి తగులుతుంది. ‘అలిసిపోయావు, ఈరోజు కూర్చుని చూడు’ అని చెప్పాల్సిన కోచ్ ఆరోజు ఫోన్లో ఉన్నాడు. ఆయన్ని అనడం ఎందుకులే, నా ఒళ్ళు నాకే తెలియాలి కదా.

రెండూ కలిపి చెయ్యడం కొత్త సంగతేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పాయెస్, శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒళ్ళంతా నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు ఎత్తేవాడట. తర్వాత కత్తి పట్టి ఆ నూనె అంతా చెమటలో పోయేదాకా సాము. ఆపైన ఒక మల్లుడితో కుస్తీ. ఇంకా చీకటి ఉండగానే గుర్రమెక్కి మైదానంలో స్వారీ. బరువులు, ఆయుధం, కుస్తీ, కార్డియో అన్నీ ఒక్క పూటలో. అయితే రాయలవారు తొమ్మిదిన్నరకు షోరూం షట్టర్ ఎత్తాల్సిన పని లేదు. వంటా ఆయన చూసుకోలేదు. స్టేజీ ఎక్కి నడుము దగ్గర నరాలు చూపించాలన్న టెన్షనూ లేదు.

బ్రూస్ లీ మాట కూడా చెప్తా. ఆయన ఒళ్ళు సైజు కాదు, కొవ్వు లేకపోవడం. బరువు ఇంచుమించు నీ అంతే, అరవై పై చిల్లర. 1970లో భుజాల మీద బార్ పెట్టుకుని నడుము వంచి లేచే గుడ్ మార్నింగ్ అనే వ్యాయామం సరిగ్గా ఒళ్ళు వేడెక్కించకుండా చేసి నడుం దెబ్బ తిన్నాడు. నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. గోడ మీద పోస్టర్లో ఆ నెలలు కనపడవు.

సరే, ఏం చెయ్యాలి? ముందు నీ రెండు కోరికలను పక్కపక్కన పెట్టి చూడు. వరల్డ్ కరాటే ఫెడరేషన్ లెక్క ప్రకారం సీనియర్ మగవాళ్ళ కుమితే (ఎదుటివాడితో తలపడే ఆట) విభాగాలు 60, 67, 75, 84 కిలోల లోపు, ఆపైన. నువ్వు ఆడాలనుకున్నది 67. ఇప్పుడు 62.5 ఉన్నావు. అంటే నీకు కొత్తగా పెట్టుకోవడానికి ఉన్న చోటు నాలుగు కిలోలు, ఇంకొంచెం. అది దాటి 69 అయ్యావనుకో, 75 లోపు విభాగంలో పడతావు. అక్కడ నీ ఎదుట నిలబడేవాడు 74 ఉంటాడు, నీకంటే నాలుగు అంగుళాలు పొడుగు ఉన్నా ఆశ్చర్యం లేదు. స్టేజీ అలా కాదు. అక్కడ ఎంత కండ ఉంటే అంత మంచిది, పైగా చివరి రెండు మూడు నెలలు తిండి తగ్గించి ఎండబెట్టాలి. ఆ ఎండిన ఒంటితో మూడు నిమిషాల కుమితే బౌట్ ఆడితే ముఖానికి వచ్చే గుద్దు కనపడుతుంది గానీ తల కదలదు. అందుకే ఒకే ఏడాదిలో రెండూ వద్దంటున్నా. టోర్నమెంటు ముందు, స్టేజీ ఆపై ఏడాది. ఈ ఒక్క నిర్ణయం తీసుకుంటే మిగతా చిక్కులు సగం అవే విడిపోతాయి.

మీ నాయన శెనక్కాయ చేలో కంది సాళ్ళు వేసే ఉంటాడు. ఏడు సాళ్ళకో పదకొండు సాళ్ళకో ఒక కంది సాలు. సగం చేను ఇది, సగం చేను అది అని వెయ్యడు. శెనక్కాయ పీకేసిన తర్వాతే కందికి గాలీ వెలుతురూ దొరికి గుబురెక్కుతుంది. నువ్వూ అంతే చెయ్యి. ముందు మూడు నెలలు బరువులు అసలు పంట, కరాటే కంది సాలు. ఆ తర్వాత టోర్నమెంటు దాకా కరాటే అసలు పంట, జిమ్ము వారానికి రెండే రోజులు. ఉన్న కండ నిలబెట్టుకోవడానికి రెండు రోజులు చాలు.

మొదటి మూడు నెలలకు వారం ఇలా పెట్టుకో. సోమ, బుధ, శుక్రవారాలు జిమ్ము. మంగళ, గురు, శనివారాలు కరాటే. ఆదివారం ఏమీ వద్దు, పల్లెకు పోయి నిద్రపో. స్పారింగ్, అంటే ఎదుటివాడితో తలపడే ప్రాక్టీసు, శనివారం ఒక్కరోజే. కాబట్టి కాళ్ళకు బరువైన పని సోమవారం. బుధవారం కాళ్ళకు తేలిగ్గా, శుక్రవారం పై ఒళ్ళు మాత్రమే. మంగళవారం కాళ్ళు పట్టేసి ఉంటాయి, కాబట్టి ఆరోజు కటా (ఒంటరిగా వరసగా చేసే కదలికలు), చేతి పని, స్టాన్సులు (నిలబడే భంగిమలు). ఇలా చేస్తే శనివారానికి కాళ్ళు కొత్తగా ఉంటాయి. మీ మాస్టర్‌కు ముందే చెప్పి ఒప్పించు. ‘క్లాసు తగ్గిస్తున్నా’ అనకు, ‘శనివారం ఫ్రెష్‌గా వస్తా సార్’ అని చెప్పు. మాటలో తేడా ఉంటుంది.

జిమ్ములో సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్ అనే పద్ధతి వదిలెయ్. వారానికి ఆరు రోజులు వచ్చేవాళ్ళ కోసం అది. మూడు రోజులే కాబట్టి వెళ్ళిన రోజల్లా ఒళ్ళంతా పని చెయ్యాలి, శుక్రవారం కాళ్ళు తప్ప. స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, బెంచ్, రోయింగ్, పుల్ అప్స్, షోల్డర్ ప్రెస్. ఒక్కోటి మూడు నాలుగు సెట్లు, ఆరు నుంచి పది రెప్స్. ఇంకా రెండు లాగగలను అనిపించినప్పుడే బార్ దించెయ్. పక్కవాడు ‘ఇంకొకటి, ఇంకొకటి’ అని అరుస్తుంటాడు, వాడికి శనివారం స్పారింగ్ లేదు. బైసెప్స్ చివర్లో, మనసు ఊరుకోకపోతే. ఐదో వారం బరువులూ సెట్లూ సగానికి తగ్గించు. ఇలా చేస్తే నెలకు అరకిలో కండ పెరిగినా గొప్పే. ఇంతకంటే ఎక్కువ చెప్పేవాడు నీకు ఏదో అమ్మబోతున్నాడు.

తిండి దగ్గరికి వద్దాం. కండ పెట్టాలనుకునేవాడికి ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. నీకు రోజుకు 100 గ్రాములు. మన వైపు మామూలు రోజు ఎలా ఉంటుంది? పొద్దున ఉగ్గాణి, రెండు బజ్జీలు. మధ్యాహ్నం అన్నం, పప్పు, మజ్జిగ. రాత్రి సంగటి, ఊరిబిండి. కడుపు నిండుతుంది, ప్రొటీన్ యాభై గ్రాముల దగ్గర ఆగిపోతుంది. సంగటి తింటే కండ వస్తుందని మన ఊళ్ళలో అందరూ అంటారు. రాగుల్లో కాల్షియం బ్రహ్మాండంగా ఉంది, ప్రొటీన్ మాత్రం వంద గ్రాముల పిండికి ఏడు గ్రాములే. సంగటితో పాటు గిన్నెలో ఏముందన్నదే లెక్క. నాలుగు గుడ్లు వేస్తే 24 గ్రాములు. గుప్పెడు, అంటే యాభై గ్రాముల శెనక్కాయ విత్తనాలు 12 గ్రాములు, అవి మీ ఇంట్లోనే మూటల్లో ఉంటాయి. అలసంద గుగ్గిళ్ళో ఉలవ గుగ్గిళ్ళో ఒక కప్పు. చికెన్ ఉన్న రోజు వేరే లెక్కే అక్కర్లేదు.

పౌడరు విషమూ కాదు, మంత్రమూ కాదు. ఒక స్కూపు నాలుగు గుడ్లతో సమానం. డబ్బులుంటే, సీలు ఉన్న డబ్బా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చూసి కొనుక్కో. జిమ్ములో కవర్లో పోసి లూజుగా ఇచ్చేది మాత్రం ముట్టొద్దు. క్రియాటిన్ అనే బలానికి వాడే ఇంకో పౌడరు రోజుకు 3 నుంచి 5 గ్రాములు పనికొస్తుంది, కానీ కండలో నీరు చేరి కిలో దాకా బరువు పెరగొచ్చు. 67 దగ్గర ఉన్నప్పుడు ఆ కిలో గుర్తుంచుకో.

ఇంజెక్షన్ల ఫ్రెండ్ గురించి పెద్దగా రాయను. ఆ మందు బయటి నుంచి వస్తుంటే ఒంట్లో సొంత టెస్టోస్టెరాన్ తయారీ ఆగిపోతుంది. వీర్యకణాలు పడిపోతాయి, రొమ్ము దగ్గర గడ్డలా పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. కోర్సు ఆపిన తర్వాత ఆ తయారీ మళ్ళీ మొదలవడానికి నెలలు పట్టొచ్చు. నువ్వు ఆటగాడివి కూడా. డోపింగ్ పరీక్షలో స్టెరాయిడ్ దొరికితే మామూలుగా పడే నిషేధం నాలుగేళ్ళు. ఏడేళ్ళు కష్టపడి తెచ్చుకున్న బ్రౌన్ బెల్టు, ఆ లెక్క నువ్వే వేసుకో. వాడు నీకు ఫ్రెండే కావచ్చు, ఈ విషయంలో మాత్రం కాదు.

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డు జిమ్ముల్లో సాయంత్రం కూడా పెనం మీద నిలబడ్డట్టే ఉంటుంది. క్లాసుకు ముందు, తర్వాత బరువు చూసుకో. తగ్గిన ప్రతి కిలోకూ లీటరు నుంచి లీటరున్నర తాగాలి, ఉప్పు వేసిన మజ్జిగ అయితే ఇంకా మంచిది. ఆ తగ్గిన కిలోను చూసి కొవ్వు కరిగిందని సంబరపడేవాళ్ళను చాలామందిని చూశాను.

నిద్ర ఏడు గంటలు. ఇప్పుడు జిమ్ము మూడు రోజులే కాబట్టి మిగిలిన పొద్దులు ఆరున్నర దాకా పడుకోవచ్చు. ఇది నీకు నేను ఇస్తున్న అసలు మందు, దీనికి డబ్బు కూడా అక్కర్లేదు.

ఇంకొక చిన్న సంగతి. మీ ఇంట్లో శనివారం గుడ్డు, మాంసం ముట్టకపోవచ్చు, మన వైపు చాలా ఇళ్ళల్లో అంతే. నీ స్పారింగ్ కూడా శనివారమే. దానికి అమ్మతో గొడవ పడొద్దు. ఆరోజు పొద్దున ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాహ్నం యాభై గ్రాముల సోయా ముక్కలు వేసిన కూర (అందులోనే 25 గ్రాములు వచ్చేస్తాయి), రాత్రి క్లాసు నుంచి వచ్చాక పప్పు, గట్టి పెరుగు. ఉలవలు శుక్రవారం రాత్రే నానెయ్యాలి. అమ్మను లేపకుండా నువ్వే నానేసుకుని పడుకో.